సీటు ఎత్తు దగ్గర మొదలయ్యే చదువు



పోయిన నెల చివర్లో "వచ్చేసారి ఒక కొత్త సంగతి చెప్తాను" అని రాసి వదిలేశాను. దానికి గ్రూపుల్లో ఎన్ని ఊహాగానాలో! ఇల్లు మారుతున్నానా అని ఒకరు, పెద్దాడికి సంబంధం కుదిరిందా అని ఇంకొకరు. వాడింకా పదకొండో క్లాసమ్మా తల్లీ. సంగతేంటంటే, ఇంకో పన్నెండు రోజుల్లో, శని ఆదివారాలు రెండు రోజులూ, ఇండోర్ సైక్లింగ్ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికేషన్ కోర్సుకి వెళ్తున్నాను. డబ్బు కూడా కట్టేశాను. జిమ్ముల్లో చీకటి గదిలో పాటలు పెట్టి, ఉన్నచోటనే ఉండే సైకిళ్ళు వరసగా తొక్కిస్తారు చూశారా, ముందు కూర్చుని మైకులో చెప్పే ఆ మనిషిని తయారుచేసే కోర్సు అది.

నాకు 46 ఏళ్ళు. అయిదడుగుల ఎత్తు. బరువు సంగతి ఈసారికి వదిలేద్దాం. వారానికి మూడు రాత్రులు ఆస్పత్రి డ్యూటీ, మిగతా రోజులు మీ అందరికీ తెలిసిన డ్యూటీయే. నాలుగేళ్ళ కిందట ఏ1సీ 6.1 వచ్చింది. షుగరు గుమ్మం దాకా వచ్చేశారు, ఇక మీ ఇష్టం అన్నారు మా డాక్టరు. నర్సుని అయ్యుండి రోజూ పేషెంట్లకి చెప్పే మాటలు నాకే ఎవరో చెప్తుంటే సిగ్గేసింది. ఇక్కడ డాలస్ చుట్టుపక్కల ఎండాకాలంలో బయట నడవాలంటే తెల్లారుజామున లేవాలి. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చే మనిషికి అది అయ్యే పని కాదు. అందుకని ఏసీ గదిలో సైకిలు క్లాసులో చేరాను. అప్పట్నుంచి మానలేదు.

అయితే తొక్కడం వేరు, తొక్కించడం వేరు. ఈ వయసులో నీకెందుకే ఇది అని మా అమ్మ ఫోనులో అడిగితే ఆవిడకి చెప్పిందే మీకూ చెప్తాను. మా వదిన వల్ల.

సొంత వదిన కాదు. మా వీధి చివరింట్లో ఉంటారు, తెనాలి దగ్గరి వాళ్ళు. రెండేళ్ళ కిందట ఒక స్టూడియోవాళ్ళ దగ్గర్నుంచి "మొదటి క్లాసు ఉచితం" అని కూపన్ వస్తే వెళ్ళారు. అంతకుముందు ఆవిడకి వ్యాయామం అంటే సాయంత్రం చెరువు చుట్టూ రెండు రౌండ్ల నడక, అంతే. 45 నిమిషాల క్లాసులో సగం పైగా లేచి నిలబడి తొక్కించారట. చుట్టూ పాతికేళ్ళ పిల్లలు. మధ్యలో ఆపితే ఏమనుకుంటారో అని పళ్ళ బిగువున తొక్కారు. మర్నాడు తొడలు నొప్పులు. మొదటిసారి కదా అనుకున్నారు. మూడో రోజుకి కూర్చుంటే లేవలేని స్థితి, తొడలు రాయిలా వాచిపోయాయి. నాకు ఫోన్ చేసి, కూరల గురించీ పిల్లల గురించీ మాట్లాడి మాట్లాడి, పెట్టేసే ముందు "ఇంకో మాట వదినా, చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఒంటేలు కాఫీ డికాషన్ రంగులో వస్తోంది" అన్నారు.

ఉన్న నైటీ మీదే కారు తీశాను.

దాన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. అలవాటు లేని శ్రమ ఒక్కసారిగా పడితే కండరాల కణాలు చితికిపోయి, లోపలి సరుకంతా రక్తంలోకి వచ్చేస్తుంది. అది వడకట్టలేక కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. రక్తంలో సీకే అని ఒక పరీక్ష చేస్తారు. మామూలుగా వందల్లో ఉండాల్సిన ఆ సంఖ్య వదినకి నలభై వేలు దాటింది. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. అదృష్టం బాగుండి కిడ్నీలు నిలబడ్డాయి. 2017లో న్యూయార్క్ రాష్ట్రంలోని డాక్టర్లు అచ్చంగా ఇలాంటి కేసుల మీదే, అంటే మొదటి స్పిన్ క్లాసు తర్వాత ఆస్పత్రిపాలైన వాళ్ళ మీద, అమెరికన్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. ఆ వ్యాసం పేరులోనే "ఫ్రీబీ" అన్న మాట ఉంది. చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని వదినని ఒకటే అడిగాను. "ఆ రోజు క్లాసు మొదలుపెట్టే ముందు, ఇవాళ కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరని ఎవరైనా అడిగారా?" లేదన్నారు. సీటు ఎవరు సరిచేశారు అంటే, పక్కనున్న అమ్మాయిని చూసి తనే ఏదో తిప్పుకున్నానన్నారు.

ఇది చదివి సైకిలంటే భయపడకండి. ఇలా జరగడం అరుదు. మెల్లగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోయిన వాళ్ళకి ఆ భయం లేదు. పైగా వ్యాయామం మానేయడం మనకి ఇంకా పెద్ద ప్రమాదం. మన దక్షిణాసియా వాళ్ళ గుండె జబ్బుల మీద ఇక్కడ 2010 నుంచి మసాలా అనే స్టడీ నడుస్తోంది. పేరు నిజంగా అదే! 2018లో వచ్చిన అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో దక్షిణాసియా మూలాలు ఉండటమే ముప్పుని పెంచే అంశాల్లో ఒకటిగా రాశారు. మిగతావాళ్ళకి షుగర్ పరీక్ష బీఎంఐ 25 దగ్గర చేయమంటే, ఆసియా వాళ్ళకి 23 దగ్గరే చేయమంటారు. కాబట్టి మనం తొక్కాలి. కాకపోతే తొక్కించే మనిషికి మన సంగతి తెలిసుండాలి. అదీ నా గోల.

ఇక ప్రిపరేషన్ సంగతికి వస్తాను.

ముందు కాస్త చరిత్ర, ఎందుకంటే కోర్సులో ఇదీ చెప్తారు. దక్షిణాఫ్రికా నుంచి కాలిఫోర్నియా వచ్చిన జానీ గోల్డ్‌బర్గ్ అనే సైక్లిస్టు, అందరూ జానీ జీ అంటారు, అమెరికా ఈ చివర నుంచి ఆ చివరకి జరిగే రేస్ అక్రాస్ అమెరికా కోసం ఇంట్లోనే సాధన చేయడానికి 1980లలో ఒక సైకిల్ తయారుచేసుకున్నాడు. ఆ పద్ధతికి స్పిన్నింగ్ అని పేరు పెట్టి, ఇంకొకరితో కలిసి మ్యాడ్ డాగ్ అథ్లెటిక్స్ అనే కంపెనీ మొదలుపెట్టాడు. తర్వాత ష్విన్ కంపెనీ సైకిళ్ళు తయారుచేసింది. స్పిన్నింగ్ అనేది వాళ్ళ రిజిస్టర్డ్ పేరు. అందుకే చాలా జిమ్ములు బోర్డు మీద ఇండోర్ సైక్లింగ్ అని రాసుకుంటాయి. సర్టిఫికేషన్ కూడా ఒకటే కాదు. స్పిన్నింగ్ వాళ్ళది ఉంది, ష్విన్ వాళ్ళది ఉంది, కైజర్ వాళ్ళదీ ఉంది. మీరు ఎక్కడ చెప్పాలనుకుంటున్నారో ఆ జిమ్ముకి ముందు ఫోన్ చేసి ఏది ఒప్పుకుంటారో కనుక్కోండి, ఆ తర్వాత డబ్బు కట్టండి. నేను ముందు కట్టి తర్వాత ఫోన్ చేశాను. నా అదృష్టం బాగుండి సరిపోయింది.

ఆ సైకిల్లో ఒక మర్మం ఉంది, నాలుగేళ్ళు తొక్కినా నాకు సరిగ్గా తెలియదు. ముందున్న బరువైన చక్రానికీ పెడల్స్‌కీ లంకె విడదు. మన ఊళ్ళో సైకిలైతే తొక్కడం ఆపేసి కాళ్ళు అలా పెట్టుకుని దిగువకి జారిపోతాం కదా, ఇక్కడ అలా కుదరదు. చాలా మోడళ్ళలో చక్రం తిరిగినంతసేపూ పెడల్స్ తిరుగుతూనే ఉంటాయి, మీ కాళ్ళని కూడా తిప్పేస్తాయి. కాలు ఆపి ఆపాలని చూస్తే మోకాలి పని అయిపోతుంది. ఆపాలంటే మధ్యలో ఉన్న నాబ్‌ని కిందికి నొక్కాలి, అదే బ్రేకు. కొత్తగా వచ్చిన మనిషికి మొదటి అరనిమిషంలో చెప్పాల్సిన మాట ఇదే. వదినకి ఎవరూ చెప్పలేదు.

రెండోది సీటు. నేను ఒక పాత సైకిల్ సెకండ్ హ్యాండులో కొని గరాజ్‌లో పెట్టాను. మావారు "బట్టలు ఆరేసుకోవడానికి బాగుంటుంది" అన్నారు. అనుకోనీ. దాని మీద ఇంట్లో వాళ్ళనీ, పక్కింటి కొరియన్ ఆవిడనీ, వచ్చిన చుట్టాలనీ, దొరికిన వాళ్ళందరినీ కూర్చోబెట్టి సీటు సరిచేయడం నేర్చుకుంటున్నాను. సైకిల్ పక్కన నిలబడితే సీటు మీ తుంటి ఎముక పైభాగం దాకా రావాలి. అది అంచనాకి. ఎక్కి కూర్చున్నాక, పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కాస్త వంగి ఉండాలి, 25 నుంచి 35 డిగ్రీలు. కాలు పూర్తిగా చాచుకుపోయిందంటే సీటు ఎక్కువ ఎత్తయిందన్నమాట. వెనక నుంచి చూస్తే తుంట్లు అటూ ఇటూ ఊగుతుంటాయి. మోకాలు బాగా ముడుచుకుపోయిందంటే సీటు కిందికి ఉంది, నాలుగు రోజుల్లో మోకాలి చిప్ప ముందు నొప్పి మొదలవుతుంది. తర్వాత పెడల్స్ రెండూ సమానంగా ఉన్నప్పుడు, ముందున్న మోకాలు సరిగ్గా పెడల్ ఇరుసు మీదకి రావాలి. రాకపోతే సీటుని ముందుకో వెనక్కో జరపాలి. హ్యాండిల్ కొత్తవాళ్ళకి సీటు కన్నా కాస్త ఎత్తులోనే పెట్టండి. నడుం నొప్పి ఉన్నవాళ్ళకీ, పొట్ట అడ్డం వచ్చేవాళ్ళకీ అంతే. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు.

నాలాంటి పొట్టివాళ్ళకి ఒక మాట. కొన్ని సైకిళ్ళు మనకి సీటు అట్టడుగుకి దించినా ఎత్తుగానే ఉంటాయి. నాలుగేళ్ళుగా నేను అలాంటి దాని మీద వేళ్ళ చివర్లతో తొక్కుతూ, అరికాలి మంటలు డ్యూటీలో నిలబడటం వల్ల అనుకున్నాను. వేరే సైకిల్ మీదకి మారాక పది రోజుల్లో తగ్గాయి.

గుండె లెక్క నాకు తెలిసిన సబ్జెక్టే అనుకున్నాను కానీ అక్కడా ఒకటి నేర్చుకున్నాను. 220 లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం అని అన్ని జిమ్ముల గోడల మీదా ఉంటుంది. నా లెక్కన 174. ఆ సూత్రం పాతది, ఆడవాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. 2010లో డాక్టర్ మార్తా గులాటీ బృందం షికాగో ప్రాంతంలో అయిదు వేల మందికి పైగా ఆడవాళ్ళని, 35 ఏళ్ళు దాటినవాళ్ళని, పరీక్షించి వేరే సూత్రం ఇచ్చారు. వయసుని 0.88 తో గుణించి 206 లోంచి తీసేయాలి. ఆ లెక్కన నాకు 165 చిల్లర. అంటే గోడ మీది అంకెని నమ్మి "ఇంకా పెంచు, ఇంకా పెంచు" అనుకున్న రోజుల్లో నేను నా హద్దు దాకా ఎప్పుడో వెళ్ళిపోయి ఉన్నాను. ఏ సూత్రమైనా సగటు లెక్కే, మనిషి మనిషికీ తేడా ఉంటుంది. బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకి అయితే గుండె వేగం పైకి వెళ్ళదు, వాళ్ళకి ఈ అంకెలు అసలు పనికిరావు. వాళ్ళు ఎంత కష్టంగా ఉందో ఒకటి నుంచి పదిలో చెప్పుకోవడమే మంచిది.

అంతకన్నా తేలికది మాట పరీక్ష. తొక్కుతూ మాట్లాడగలిగి, పాడలేకపోతే మధ్యరకం శ్రమ. రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే గట్టి శ్రమ. నేను దీన్ని ఎక్కాలతో చేస్తున్నాను. పదమూడో ఎక్కం మొదలుపెట్టి, పదమూడేళ్ళు తొంభై ఒకటి దగ్గర ఊపిరి తెగిందంటే నాబ్ ఎక్కువ బిగించానన్నమాట.

ఇది వట్టి సరదా కాదు. నా అసలు కష్టం అక్కడే ఉంది. కాళ్ళు తొక్కుతాయి, సందేహం లేదు. తొక్కుతూ మాట్లాడాలి, తొక్కుతూ ఇరవై మందిని చూడాలి, ఎవరి ముఖం పాలిపోయిందో, ఎవరి భుజాలు చెవుల దాకా లేచాయో కనిపెట్టాలి. అప్పుడు సైకిలు దిగి వాళ్ళ పక్కకి వెళ్ళగలగాలి. ఆ గంట నా వ్యాయామం కాదు, వాళ్ళది. కోర్సులో రెండో రోజు మధ్యాహ్నం ప్రతి ఒక్కరూ ఒక పాట పొడుగునా మిగతావాళ్ళకి క్లాసు చెప్పి చూపించాలి. దానికే నిద్ర పట్టట్లేదు.

ఎందుకంటే నా ఇంగ్లీషు. పద్ధెనిమిదేళ్ళుగా ఇక్కడ ఉన్నా, మైకు అనేసరికి నా వీలూ డబ్ల్యూలూ కలిసిపోతాయి. ఆ సంగతి మా అమ్మాయితో అంటే అది ఏమందో తెలుసా? "అమ్మా, హాస్పిటల్లో పేషెంటుకి గుండె ఆగిపోతే నువ్వు అందరికీ ఆర్డర్లేస్తావు కదా, అప్పుడు ఎవరైనా నీ యాక్సెంట్ గురించి అడిగారా?" అంది. నిజమే. అక్కడ మాటలు చిన్నవి, ఎవరికి చెప్తున్నామో వాళ్ళని చూసి చెప్తాం. సైకిల్ క్లాసులోనూ అంతేనట. ముందు ఏం చేయాలో, తర్వాత ఎలా చేయాలో, ఆ తర్వాత ఎందుకో. మార్పు రావడానికి ఎనిమిది లెక్కల ముందే చెప్పాలి, వచ్చాక కాదు. అది గరాజ్‌లో కూర్చుని నన్ను ఫోన్‌లో వీడియో తీసింది. మొదటి వీడియో చూసి, "నువ్వు క్లాసు చెప్తున్నట్టు లేదు, రూమ్ సర్దలేదని మమ్మల్ని తిడుతున్నట్టుంది" అంది. నాలుగో వీడియోకి కాస్త నయం అంది. మీలో ఎవరైనా ఈ దారిలో వెళ్తుంటే వీడియో తీయించుకోండి, అద్దం సరిపోదు. ముందు తెలుగులో చెప్పుకుని, నోరు తిరిగాక ఇంగ్లీషులో చెప్పండి. నాకు అదే పనిచేసింది.

పాటల సంగతి పెద్ద లెక్కల చదువు. చదునైన దారిలాగా తొక్కేటప్పుడు నిమిషానికి 80 నుంచి 110 చుట్లు, కొండ ఎక్కుతున్నట్టు బిగించి తొక్కేటప్పుడు 60 నుంచి 80 అని స్పిన్నింగ్ వాళ్ళ లెక్క. దానికి పాట కుదరాలి. పాట పెట్టి పదిహేను సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే నిమిషానికి ఎన్నో వస్తుంది. 128 వచ్చిందనుకోండి, ఒక దెబ్బకి కుడి కాలు, ఒక దెబ్బకి ఎడమ కాలు వేస్తే 64 చుట్లు, కొండకి సరిగ్గా సరిపోతుంది. అదే పాటకి చదునుగా తొక్కమంటే కాళ్ళు ఒక దారి, పాట ఒక దారి. నాటు నాటు పెట్టేసి అదరగొడదామనుకున్నాను. ఉత్సాహంలో నాబ్ బిగించడం మర్చిపోయి, కాళ్ళు చక్రంతో కొట్టుకుపోయి, నేనే భయపడి బ్రేకు నొక్కాను. మా ఇంట్లో వాళ్ళకి ఆ సాయంత్రం మంచి కాలక్షేపం. తీన్‌మార్ కూడా ప్రయత్నించాను. పెళ్ళి ఊరేగింపుకి అదే దిక్కు కానీ సైకిలు మీద కొత్తవాళ్ళకి కాలు ఎక్కడ వేయాలో తెలియట్లేదు.

సైకిలు మీద దండీలు తీయడం, చేతుల్లో డంబెల్స్ పట్టుకుని తొక్కడం, చేతులు వదిలేయడం, వెనక్కి తొక్కడం కొన్ని చోట్ల చేయిస్తారు. ఈ కోర్సుల వాళ్ళు చాలామంది అవి వద్దంటారు. నాకైతే వాళ్ళ మాటే సబబుగా ఉంది. ఆగని పెడల్స్ మీద కాళ్ళు కట్టేసి ఉండగా చేతుల్లో బరువులెందుకు? భుజాల వ్యాయామం కావాలంటే దిగి చేసుకోవచ్చు.

బట్టల గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. చున్నీ వద్దు, వదులు సల్వార్ అసలే వద్దు, పెడల్ దగ్గర చిక్కుకుంటుంది. గాజులు హ్యాండిల్‌కి తగులుతుంటాయి, తీసి బ్యాగులో పెట్టండి. నల్లపూసలు లోపలికి వేసుకోండి. జడ పైకి కట్టండి. సైక్లింగ్ షార్ట్స్‌లో లోపల మెత్త కుట్టి ఉంటుంది. దాని కింద ఇంకేమీ వేసుకోకూడదు, వేసుకుంటే ఒరుసుకుపోతుంది. పొట్టి నిక్కరు మనకి అలవాటు లేదంటారా, మోకాళ్ళ దాకా ఉండేవీ, చీలమండల దాకా ఉండేవీ కూడా దొరుకుతాయి. నేను వాటి మీద పొడుగు టీషర్ట్ వేస్తాను. మొదటి రెండు వారాలు సీటు నొప్పి అందరికీ ఉంటుంది, తర్వాత పోతుంది. పోకపోతే సీటు వంపు చూసుకోండి.

కాగితాల సంగతి గబగబా చెప్పేస్తాను. సీపీఆర్, ఏఈడీ కార్డు చాలా జిమ్ములు అడుగుతాయి. నర్సులకి బీఎల్ఎస్ ఎలాగూ ఉంటుంది, సరిపోతుందేమో అడగండి. లేనివాళ్ళు రెడ్ క్రాస్ దగ్గరో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దగ్గరో చేసుకోవచ్చు, రెండేళ్ళు చెల్లుతుంది. ఇది సైకిల్ కోసం కాకపోయినా ఇంట్లో ఒకరికి వచ్చి ఉండాల్సిన విద్య. జిమ్ము ఉద్యోగిగా కాకుండా సొంతంగా చెప్పేవాళ్ళు లయబిలిటీ ఇన్సూరెన్స్ తీసుకోవాలి.

ఒక చెల్లెలు అడిగింది, "అక్కా, నేను హెచ్-4 మీద ఉన్నాను, ఈ కోర్సు చేయొచ్చా?" అని. నేర్చుకోవడానికి అడ్డు లేదమ్మా. డబ్బు తీసుకుని చెప్పాలంటే మాత్రం ఈఏడీ ఉండాలి. అది కూడా 2015 నుంచి, భర్తకి ఐ-140 అప్రూవ్ అయినవాళ్ళకీ, హెచ్-1 ఆరేళ్ళు దాటి పొడిగించినవాళ్ళకీ ఇస్తున్నారు. "జీతం వద్దు, ఫ్రీ మెంబర్‌షిప్ ఇస్తే చాలు" అనుకుని ఒప్పుకోకండి, అది కూడా జీతం కింద లెక్క కట్టే అవకాశం ఉంది. ముందు లాయర్ని అడగండి. ఇంత చదువుకుని వచ్చి, సైకిలు తొక్కించడానికి కూడా కార్డు కావాలా అని ఆ పిల్ల బాధపడింది. నా దగ్గర జవాబు లేదు. కోర్సు చేసి పెట్టుకో, కార్డు వచ్చిన రోజున పని మొదలుపెట్టొచ్చు అన్నాను.

తిండి దగ్గర చిన్న చిక్కు వచ్చింది. నాకు శనివారం ఒక్కపొద్దు. కోర్సు మొదటి రోజు శనివారం, రెండు రైడ్లు ఉన్నాయి. చాలా ఏళ్ళుగా తప్పలేదు, ఎలా అని మథనపడుతుంటే బెజవాడ నుంచి అత్తయ్యగారు ఫోనులో "ఆ ఒక్కవారం ఆదివారానికి మార్చుకో, స్వామికి నీ కన్నా ఎక్కువ పనులున్నాయి" అన్నారు. ఆదివారమూ కోర్సే అత్తయ్యగారూ అంటే, "అయితే సోమవారం" అన్నారు విసుగ్గా. ఉపవాసం రోజున ఖాళీ కడుపుతో సైకిల్ క్లాసుకి వెళ్ళే అలవాటున్నవాళ్ళు మన గ్రూపుల్లో ఉన్నారని నాకు తెలుసు. షుగర్ మాత్రలు, ముఖ్యంగా గ్లిపిజైడ్, గ్లైమిపిరైడ్ లాంటివి వేసుకునేవాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు ఆ పని అస్సలు చేయొద్దు. షుగర్ పడిపోయి సైకిలు మీంచి పడతారు. క్లాసుకి గంటన్నర ముందు రెండు ఇడ్లీలైనా తినండి, జేబులో గ్లూకోజ్ బిళ్ళలు ఉంచుకోండి, చెప్పే మనిషికి మీకు షుగర్ ఉందని చెప్పండి.

మొన్న ఆదివారం వదినని గరాజ్‌కి రమ్మన్నాను. రెండేళ్ళుగా సైకిల్ అనే మాట వినడానికే ఇష్టపడని మనిషి. డాక్టరు మెల్లగా మొదలుపెట్టమని ఎప్పుడో చెప్పారు, ఈవిడే పెట్టలేదు. రానంటూనే వచ్చారు, అదీ పట్టుచీరలో. గుళ్ళోంచి నేరుగా వచ్చారట. మా అమ్మాయి లెగ్గింగ్స్ ఇచ్చాం. సీటు కొలిచి, నాబ్ నొక్కి ఆపడం మూడుసార్లు చేయించి, కూర్చునే, దాదాపు బరువు లేకుండా పన్నెండు నిమిషాలు తొక్కించాను. నిలబడనివ్వలేదు. పదో నిమిషంలో ఎక్కాలు చెప్పమంటే ఎక్కాలు కాదు, వాళ్ళ కోడలి మీద ఫిర్యాదులు ఒక్క ఊపిరిలో చెప్పారు. అంటే శ్రమ సరిపోయినట్టే. దిగాక నీళ్ళు తాగించి, మర్నాడూ ఆ మర్నాడూ ఫోన్ చేసి రంగు అడిగాను. "మామూలుగానే ఉందిలే తల్లీ, ఇంక అడక్కు" అన్నారు. ఈ ఆదివారం పదిహేను నిమిషాలు చేద్దామని ఆవిడే అన్నారు.

కోర్సు శనివారం పొద్దున్న ఏడున్నరకి మొదలు. బ్యాగులో రెండు జతల బట్టలు, రెండు తువ్వాళ్ళు, పెద్ద నీళ్ళ సీసా, ఉప్పేసిన మజ్జిగ, మధ్యాహ్నానికి పెరుగన్నం డబ్బా, పెన్ను, నోట్‌బుక్కు. రెండో రోజు నేను చెప్పే పాట ఇంకా తేలలేదు. నాలుగు నిమిషాలు, నిమిషానికి 125 నుంచి 135 దెబ్బలు, మధ్యలో ఆగిపోకుండా ఉండే తెలుగు పాట మీకు తెలిస్తే ఈ గురువారం లోపల గ్రూపులో పంపండి. పంపేముందు పదిహేను సెకన్లు లెక్కపెట్టి మరీ పంపండి. పాసయ్యానో లేదో వచ్చే నెల రాస్తాను.